రంజన్ నింపిన చెయ్యి

23 జనవరి 2024, మంగళవారం

చెవులపిల్ల చచ్చిపోయింది.

మందలో నేను పేరు పెట్టుకున్న గొర్రె అదొక్కటే. పేర్లు పెట్టొద్దు, పెడితే అమ్మేటప్పుడు ఏడుస్తావని మా ఆయన లింగస్వామి ఎప్పుడూ అంటుంటాడు. ఇది అమ్మకముందే ఏడిపించింది. వారం నుంచి మేత ముట్టలేదు, కడుపు ఉబ్బింది, పశువుల డాక్టరు సూది వేసినా తగ్గలేదు. పొద్దున మా ఆయన పొట్ట కోసి, నన్ను పిలిచి చూపించాడు. గడ్డికంటే ప్లాస్టిక్ ఎక్కువుంది. నీళ్ల సీసాల కట్టలకు చుట్టే పల్చటి కవరు మెలికలు పడి ముద్దకట్టింది. అందులో సీసాల మీద అంటించే నీలం కాగితాలు, కొన్ని మూతలు.

ఆ నీలం కాగితం నాకు బాగా తెలుసు. మండల ఆఫీసులో సర్వసభ్య సమావేశం జరిగినప్పుడల్లా ప్రతి కుర్చీ ముందూ నిలబెట్టే సీసాలవి. సగం తాగి సగం వదిలేసి పోతారు. తిన్న బిర్యానీ ఎంగిలి, సీసాలు, కవర్లు అన్నీ కలిపి ఆఫీసు వెనక ఎండిన కుంటలో పారేస్తారు. ఉప్పటి కవరును గొర్రె వదులుతుందా? మా మంద మేసేది ఆ కుంటలోనే. ఇక ఆ సమావేశాలకు అధ్యక్షత వహించేది ఎవరయ్యా అంటే శ్రీమతి సత్తమ్మ, మండల పరిషత్ అధ్యక్షురాలు. నేనే.

ఇక ఆ ఆఫీసులో సీసా కనబడితే నా పేరు సత్తమ్మ కాదు.

25 జనవరి

ఎంపీడీవో సారుకు చెప్పాను. వచ్చే సమావేశం నుంచి సీసాలు బంద్, నల్లా నీళ్లే తాగుదాం అన్నాను. నేనేదో హాస్యమాడినట్టు నవ్వాడు. ముందు సీసా పెట్టకపోతే సభ్యులు మర్యాద తక్కువైందనుకుంటారమ్మా అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే, లింగస్వామి గారికి ఒక మాట చెప్పారా అని అడిగాడు. నేను ఆ కుర్చీలో కూర్చుని నాలుగేళ్లు దాటింది. మహిళ సీటు కాబట్టి భార్య సంతకం పెడుతుంది, భర్త నడిపిస్తాడని ఈ సారుకు ఎవరో రాసిచ్చినట్టున్నారు. లింగస్వామి గారు గొర్రెల వెనక ఉన్నారు, కావాలంటే వెళ్లి అడగండి అన్నాను. సారు ఇక నవ్వలేదు.

సాయంత్రం సీసాలు బంద్ అన్న ఉత్తర్వు మీద సంతకం కోసం ఆఫీసు అటెండర్ జాషువా ఇంటికి వచ్చాడు. మాది ఒకటే ఊరు. మా అత్త పుష్పమ్మ ఫ్రిజ్ తెరిచి, సీలు కూడా తీయని చల్లటి సీసా అతని చేతిలో పెట్టింది. మా అత్త నోరు ఎలాంటిదైనా గడపలోకి వచ్చిన మనిషికి మర్యాద తక్కువ చేయదు. ఆ ఒక్క విషయంలో ఆమెకు దండం పెట్టాలి. జాషువా మాత్రం అది తాగకుండా బండి డిక్కీలో పెట్టుకుపోయాడు. అతనికి శుభ్రం ఎక్కువ. ఎక్కడికి పోయినా ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లే తాగుతాడు.

ఆఫీసులో సీసాలు వద్దని సంతకం పెట్టి ఇంట్లో ఫ్రిజ్ నిండా సీసాలేందని మా ఆయన ఎగతాళి చేశాడు. ఇల్లు వేరు, ఆఫీసు వేరు అన్నాను.

28 జనవరి

నకిరేకల్ అంగడిలో తాగేనీళ్లకు రెండు మట్టి రంజన్లు కొన్నాం. మా నాయిన ఇంట్లో ఇలాంటి రంజన్ ఉండేది, అందులో నీళ్లు మే నెలలో కూడా పళ్లు జివ్వుమనేవి. జాషువా వాటిని కడిగి, ఇసుక పోసి దానిమీద నిలబెట్టి, చుట్టూ తడి గోనెపట్టా కట్టాడు. పెళ్లికూతుర్లను ముస్తాబు చేసినట్టు చేశావు కదా అంటే, కట్నం లేకుండ ఒప్పుకునే పిల్లలు మేడం అన్నాడు. కొత్త స్టీలు గ్లాసులు బోర్లించి పెట్టాం. నందికొండ డ్యాం నుంచి పైపుల్లో వచ్చే కృష్ణ నీళ్లు, కొత్త మట్టి వాసన. నాకైతే చూస్తుంటేనే దాహమేసింది.

30 జనవరి

ఒక్కరూ తాగలేదు.

లేదు, ఒక్కరు తాగారు. వరసగా రాస్తాను. సభ్యులు వచ్చారు, టేబుల్ చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెవులపిల్ల సంగతి చెప్పాను. పొట్టలో దొరికినవి కవర్లో వేసుకొచ్చి చూపించాను కూడా. అందరూ అయ్యో అన్నారు. తర్వాత ఉపాధ్యక్షుడు విజేందర్ లేచాడు. పెద్ద బత్తాయి తోటల రైతు, హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి, మాట మెత్తన. ఈ నేలలో ఫ్లోరైడ్ ఎన్ని బతుకులను పాడు చేసిందో చెప్పాడు. నీళ్ల దగ్గర మన జనానికి భయం ఉంటుంది, ఆ భయాన్ని గౌరవించాలి అన్నాడు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు గుర్వమ్మ లేచింది. పక్క ఊరి ఎంపీటీసీ. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగి నడుము వంగిపోయిన మనిషి, తల పైకెత్తి చూడటానికే కష్టపడుతుంది. నెమ్మదిగా రంజన్ దాకా నడిచి ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు ముంచుకుని అది కూడా తాగింది.

"బోరు నీళ్లకు వంగిన నడుము నాది. గివి కృష్ణ నీళ్లు. నాకు లేని భయం మీకేంది?" అంది.

కాసేపటికి ఒక్కొక్కరూ డ్రైవర్లను దుకాణానికి పంపి సీసాలు తెప్పించుకున్నారు. గుర్వమ్మనే వింతగా చూస్తూ కూర్చున్నారు. పాపం, తరాల నాటి భయం అంత తొందరగా పోదు. కాగితం మీద రుజువు చూపిస్తే పోతుంది.

6 ఫిబ్రవరి

నీళ్ల పరీక్ష కాగితం వచ్చింది. ఫ్లోరైడ్ పరిమితి లోపే ఉంది, నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఇంజనీరు సంతకం. పెద్దగా జిరాక్స్ తీయించి రంజన్లపైన గోడకు అంటించాను.

9 ఫిబ్రవరి

ఈ రోజు సమావేశంలో కాగితం అందరూ చదివారు. గుర్వమ్మ తప్ప నీళ్లు ఎవరూ తాగలేదు. సాయంత్రం జాషువా వాటిని వేపమొక్కలకు పోస్తుంటే చూడలేక లోపలికి వచ్చేశాను.

13 ఫిబ్రవరి

విజేందర్ ఇంటికి వచ్చాడు. మా ఆయన మందతో పోయాడు, అత్తా నేనూ ఉన్నాం. చాలాసేపు బత్తాయి ధర గురించి, ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత ఫ్యాను కొంచెం తిప్పమన్నంత మామూలుగా చెప్పాడు.

"నీళ్లు మంచియే అక్కా, రంజన్ గూడ మంచిదే. నింపేటోన్ని జర మార్చు. గంతే."

అర్థం కానట్టు చూశాను. అర్థమైంది. దళితవాడ మనిషి ముంచి పోసిన నీళ్లు. ఇన్నాళ్లూ ఫ్లోరైడ్ అని మాట్లాడింది దీని గురించి. గుర్వమ్మను వింతగా చూసింది కూడా దీనికే.

"జాషువాను గేటుకాడ ఏసుకో. జీతం గదే, వానికి పని తక్కువైతది. రంజన్ నువ్వే నింపు, మేం తాగమంటమా? నాకైతే ఏం పట్టింపు లేదక్కా. ఊర్లల్ల మనుషులకు ఉంటది," అన్నాడు.

మార్చకపోతే ఏమవుతుందో కూడా మెత్తగానే చెప్పాడు. సభ్యులు చిన్నబుచ్చుకున్నారట. అవిశ్వాసం కాగితం మీద సంతకాలు చేస్తామంటున్నారట. తనే ఆపుతున్నాడట. కుర్చీ ఉండాలంటే జాషువా గేటు దగ్గరికి పోవాలి, మాట అది.

మా అత్త మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇత్తడి చెంబు. మా మామ ఉన్నప్పటి నుంచి ఇంట్లో అందరం తాగే చెంబు అదే. విజేందర్ ఎత్తి తాగి, మీసం తుడుచుకుని, చెంబు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకుపోయి ఎప్పుడూ ఉండే చోట పెట్టింది. అతను వెళ్లిపోయాక కూడా నేను ఆ చెంబునే చూస్తూ కూర్చున్నాను.

జాషువాకు సీసా ఇచ్చింది. నేను మర్యాద అని రాసుకున్నాను. ఈ డైరీలోనే ఉంది. ఆ పేజీ చింపేద్దామని పట్టుకున్నాను కూడా. చింపను, అలాగే ఉండాలి. సీసా ఇచ్చేది చెంబు ఇవ్వకుండా తప్పించుకోవడానికి. తాగి అవతల పారేస్తే మళ్లీ ముట్టుకునే పని లేదు, కడిగే పని లేదు. సీలు వేసిన సీసాలో ఎవరి చెయ్యీ కనబడదు, అందుకే ఆఫీసులో అందరికీ అది అంత ముద్దు. నా గొర్రె పొట్టలో దొరికింది ఇదన్నమాట.

14 ఫిబ్రవరి

నేనే నింపుతాను. అందులో తప్పేముంది? ప్లాస్టిక్ పోవాలన్నది నా పట్టు, లోకంలోని అన్ని రోగాలూ నేనే కుదర్చాలా? కుర్చీ ఉంటేనే కదా ఏదైనా చేసేది. ఎవరికీ నష్టం లేదు. జాషువాకు కూడా పని తగ్గుతుంది.

16 ఫిబ్రవరి

పొద్దున్నే పోయి రంజన్లు నేనే నింపాను. ఎండాకాలం నీళ్ల ఎద్దడి మీద సమీక్ష. అందరూ తాగారు. గ్లాసు తర్వాత గ్లాసు తాగారు. రంజన్ నీళ్ల రుచే వేరని, ఫ్రిజ్ నీళ్లు గొంతు పట్టేస్తాయని, చిన్నప్పుడు బాయికాడ ఇలాగే తాగేవాళ్లమని ఒకటే పొగడ్తలు. ఒక్క సీసా లేదు. సమావేశం అయ్యాక వెనక్కి పోయి చూశాను, కుంటలో కొత్త చెత్త పడలేదు. విజేందర్ రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

గెలిచాను.

జాషువా ఆ పూటంతా తలుపు దగ్గర నిలబడి తన సీసాలోంచే తాగాడు.

17 ఫిబ్రవరి

గెలిచాను అని నిన్న రాసుకున్నాను.

ఫ్రిజ్‌లోని సీసాలన్నీ తీసేశాను. అత్త చూసింది, ఎందుకని అడగలేదు. జాషువాకు పని తగ్గుతుందన్న మాట కూడా నాది కాదు. అది విజేందర్ మాట. నా చేతిరాతలో ఎంత బాగా కుదిరిందో.

20 ఫిబ్రవరి

జాషువాతో మాట్లాడాను. ఆఫీసు వరండా ముందు బండి తుడుచుకుంటున్నాడు, ఇద్దరమే ఉన్నాం. మళ్లీ రంజన్లు నువ్వే నింపాలి అన్నాను. ఎగిరి గంతేస్తాడనుకున్నానేమో, నాకే తెలియదు. అతనికి కోపం వచ్చింది. ఇన్నేళ్లలో అతని కోపం నేను చూడలేదు.

వద్దు మేడం, మీరు అనుకున్నట్టే ప్లాస్టిక్ పోయింది కదా, నన్ను మధ్యలోకి లాగకండి అన్నాడు. నేను బతిమాలాను. తప్పు జరిగిందన్నాను. అతను బండి తుడవడం ఆపలేదు.

"ఇంటి నుంచి సీసా ఎందుకు తెచ్చుకుంటనో ఎన్నడన్న అడిగిండ్రా?" అన్నాడు. "ఎవలింటికి పోయినా నాకు ఏంట్ల ఇయ్యాల్నో వాళ్లకు ఫికర్. గా ఫికర్ వాళ్లకు ఉండొద్దని నేనే తెచ్చుకుంట."

శుభ్రం ఎక్కువని నవ్వుకున్నాను ఇన్నేళ్లూ.

మళ్లీ తనే అన్నాడు. "కుర్సీ పోతే మీరు గొర్లకాడికి పోతరు. నేను రోజూ గీ ఆఫీసుకే రావాలె, గీళ్ల మొఖాలే చూడాలె. ముందట పడి నడుమల ఇడిసిపెడితే నా ఇజ్జత్ పోతది. ఇడిసిపెట్టనంటే చెప్పుండ్రి, నింపుత."

విడిచిపెట్టను అన్నాను. ఇంకేమీ అనలేదు. పెద్ద మాటలు అతని ముందు ఎలా పనికొస్తాయి?

22 ఫిబ్రవరి

ఈ రోజు సమావేశంలో లేచి నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పాను. "రంజన్లు నింపింది జాషువా. మొన్న నేను నింపితే తాగిండ్రు, రుచి బాగుందన్నరు. నీళ్లు గవే, రంజన్ గదే. దూప అయినోళ్లు తాగుండ్రి." జాషువాను పిలిచి నాకో గ్లాసు పోయమన్నాను. అతను పోశాడు, నేను తాగాను. గుర్వమ్మ కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపింది, ఆమెకూ పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

నేను అందరినీ అవమానించానని అరిచారు. నీళ్లలో రాజకీయం కలిపానని ఒకాయన అన్నాడు. విజేందర్ అరవలేదు, తల అడ్డంగా ఊపి, ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు. ఎంపీడీవో సారు ఫైల్లోకి తల దూర్చాడు.

24 ఫిబ్రవరి

అవిశ్వాసం నోటీసు ఇచ్చారు. అందులో కారణం ఏం రాశారో తెలుసా? అధ్యక్షురాలు సభ్యులకు కనీస తాగునీటి సౌకర్యం కల్పించడం లేదట. చదివి పగలబడి నవ్వాను. మా ఆయన నాకేదో అయిందని పరుగెత్తుకొచ్చాడు.

2 మార్చి

ఇంట్లో రోజూ పంచాయితీ. మన కులపోళ్లు కూడా ముఖం తిప్పుకుంటున్నారు, ఎల్లమ్మ పండుగకు పిలుస్తారో లేదో అని అత్త ఒకటే నస. మన ఇంట్లో ఒక కుర్చీ పుట్టడమే పెద్ద సంగతి, దాన్ని నీళ్లలో కలిపేస్తున్నావంటుంది. మా ఆయన ఏమీ అనడు. అదే నాకు ఎక్కువ మంట. ఈ రోజు నిలదీశాను, నువ్వు ఎటువైపో చెప్పు అన్నాను. చాలాసేపు చేతికర్ర గీరుకుంటూ కూర్చున్నాడు.

"నేను మాట్లాడితే మళ్ల లింగస్వామే నడిపిస్తుండంటరు," అన్నాడు. "నాకు భయమైతాంది. అయినా ఆగకు."

ఈ మనిషిని ఇన్నేళ్లు మొద్దు అనుకున్నాను.

5 మార్చి

విజేందర్ ఫోను. ఇప్పటికైనా ఫరవాలేదక్కా, ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. నీకేం పట్టింపు లేదన్నావు కదా తమ్ముడూ, రేపొచ్చి జాషువా చేత్తో ఒక్క గ్లాసు తాగు, నేనే రాజీనామా ఇస్తాను అన్నాను. ఫోను పెట్టేశాడు.

14 మార్చి, గురువారం

ఓడిపోయాను.

ఓటింగ్ జరిపించే అధికారి నల్లగొండ నుంచి వచ్చారు. లోపలికి అడుగు పెట్టేసరికి టేబుళ్ల మీద ప్రతి కుర్చీ ముందూ నీలం కాగితం సీసా. కట్టలకు కట్టలు తెప్పించారు. నా ముందు కూడా ఒకటి పెట్టారు. నేను దాన్ని తీసి కింద పెట్టి, లేచిపోయి రంజన్‌లోంచి ముంచుకుని తాగి వచ్చి కూర్చున్నాను. చేతులెత్తమన్నారు, ఎత్తారు. గుర్వమ్మ ఎత్తలేదు, వంగిన నడుముతోనే టేబుల్ మీద రెండు చేతులూ బోర్లించి పెట్టుకుంది. ఇంకో ఇద్దరు తల దించుకుని కూర్చున్నారు, వాళ్ల పేర్లు రాయను, వాళ్ల భయం వాళ్లది. మిగతావన్నీ లేచిన చేతులే.

నేను ఏడవలేదు. బయటికి వస్తుంటే విజేందర్ బాధగా, ఎందుకక్కా ఇంత చిన్నదానికి అన్నాడు. చిన్నదే అయితే తాగకపోయావా అన్నాను. నాకు సిగ్గు లేదు, దుఃఖం కూడా లేదు. కొంచెం ఉంది. కుర్చీ అంటే నాకు ఇష్టమే, ఎందుకు అబద్ధం?

16 మార్చి

జాషువా నా సామాన్లు తెచ్చాడు. పేరు చెక్కిన పలక, సన్మానాల శాలువాలు, ఒక చెప్పుల జత. ఎండలో చెమటలు కారుతూ వచ్చాడు. ఆఫీసులో ఏం జరుగుతోందని అడిగాను. ఇన్‌చార్జి విజేందరట, సమావేశాల్లో మళ్లీ సీసాలట.

"రంజన్లైతే తియ్యలే. రోజూ నింపుతున్న. పింఛన్లకు వచ్చే ముసలోళ్లు, సర్టిఫికెట్లకు వచ్చే పోరగాండ్లు తాగుతున్నరు," అన్నాడు. "పొద్దుగూకేసరికి ఖాళీ అయితున్నయ్ వదినె."

వదినె అన్నాడు. నాలుగేళ్లు మేడం అన్న మనిషి. మా ఆయన అతనికి ముందు నుంచీ లింగన్నే. కుర్చీ పోయాక నాకు వరస దొరికింది.

అత్త అలవాటుగా ఫ్రిజ్ తెరిచింది. సీసా లేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. నేను లేచి ఇత్తడి చెంబు నిండా నీళ్లు ముంచి జాషువాకు ఇచ్చాను. అతను చెంబును చూశాడు, అత్తను చూశాడు, నన్ను చూశాడు. తన సీసా గుమ్మం ముందు బండికే ఉంది, రెండు అడుగులేస్తే అందుతుంది. అటు పోతాడేమో అనుకున్నాను. పోలేదు. చెంబు ఎత్తి చుక్క మిగలకుండా తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. అది కూడా ఇచ్చాను.

అతను వెళ్లాక ఆ చెంబును బయట బండ మీద పెట్టమంది అత్త. నేను దాన్ని ఎప్పుడూ ఉండే చోటే పెట్టాను.

19 మార్చి

అత్త ఆ రోజు నుంచీ చెంబు గానీ, అది ముంచే బిందె నీళ్లు గానీ ముట్టలేదు. మా ఆయన తాగుతున్నాడు, నేను తాగుతున్నాను. ఆమె మాత్రం దాహమైతే పెరట్లోకి పోయి, నల్లా తిప్పి దోసిలి పట్టి తాగుతోంది. చీరంతా తడుపుకుంటోంది. మధ్యాహ్నం ఆ నల్లాలో నీళ్లు కాలుతుంటాయి. నేను ఒక్క మాట అనడం లేదు. గ్లాసు తెచ్చి ఇవ్వడం లేదు. ఫ్రిజ్‌లో సీసా పెట్టడం అసలే లేదు.

ఈ రోజు మధ్యాహ్నం చెంబు దాకా వచ్చి ఆగింది. నేను చూస్తున్నానని గమనించి, పక్కనున్న పప్పు డబ్బా తీసుకుని పోయింది.

ఎండలు ఇప్పుడే మొదలయ్యాయి. చెంబు రోజూ నింపి పెడుతున్నాను. నాకేం తొందర లేదు.